గాజుబుడ్డి చెప్పని మాట

గత వారం మా పక్కింటివారు మైపాడు వైపు పెళ్ళికి వెళ్ళి వస్తూ, గుడ్డమూటలో కాసిని ఉప్పురాళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీరు ఒకప్పుడు ఉప్పు కొఠారులో పనిచేశారట కదా, ఇది అక్కడిదే" అన్నారు. అక్కడిదే అనడానికి ఆధారమేమిటని అడగబోయి, మర్యాద కాదని ఊరుకున్నాను. వారు వెళ్ళిన తరువాత ఒక రాయి తీసి నాలుక మీద వేసుకున్నాను. మొదట ఉప్పదనం. ఆ వెనుక, మింగబోయే వేళకు, నాలుక మొదట్లో సన్నని చేదు. అది తగలగానే నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే ఒకదానినొకటి రాసుకున్నాయి, అరవై ఏళ్ళ క్రితం ఆ కొఠారులో రమణమ్మ అనే ఆమె చేసినట్టు. రుచి గతాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇస్తుందన్న మాటను నేను నమ్మను. జ్ఞాపకం తనకు అనుకూలంగా దిద్దుకుంటుంది. అందుచేత ఆనాటి నోటుపుస్తకాన్ని ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. అందులో ఉన్న అంకెలకు పూచీ నాది. మాటలు మాత్రం నా చెవిలో మిగిలినవి.

అరవైల మొదట్లో నేను రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కొడవలూరు దగ్గరి మా పల్లె వదిలి, ఇందుకూరుపేటకు తూర్పున ఉప్పుటేటి ఒడ్డునున్న ఒక కొఠారులో చేరాను. అక్కడి పని చూడటానికి సులువు. ఏటి నీటిని నేలమీది కయ్యల్లోకి పారించి ఎండకు వదిలితే, నీరు చిక్కబడి ఉప్పు పేరుకుంటుంది. కష్టమంతా ఒక్క నిర్ణయంలో ఉంది. ఉప్పు పేరుకున్న తరువాత మిగిలే నీరు చేదునీరు. గట్టుకు గండి పెట్టి, అంటే మడవ తీసి, ఆ చేదునీటిని సకాలంలో వదిలేయాలి. ముందుగా వదిలితే పంట తగ్గుతుంది. ఆలస్యమైతే ఆ చేదు ఉప్పులోకి దిగుతుంది. నీటి చిక్కదనం ఇరవైతొమ్మిది డిగ్రీలు చేరినప్పుడు మడవ తీయాలని పుస్తకం చెబుతుంది. ఆ డిగ్రీలు చూపే గాజు పరికరం హైడ్రోమీటరు. దానిని వెదురుగొట్టంలో దాచుకుని కయ్యకూ కయ్యకూ తిరగడమే నా ఉద్యోగం. కూలీలు నాకు గాజుబుడ్డి సారు అని పేరు పెట్టారు.

రమణమ్మ ఆ కూలీలకు పెద్ద. నలభై అయిదేళ్ళుంటాయి. అక్షరం రాదు. కయ్యలో ఒంగి, చూపుడువేలు నీటిలో ముంచి, బొటనవేలితో రాసి చూసేది. ఆ జిగటను కాసేపు తూకం వేస్తున్నట్టు నిలబడి, వేలు నాలుకకు తాకించి ఉమ్మేసేది. తరువాత "తియ్యండి" అనేది, లేకపోతే "ఇంకో ఎండ" అనేది. ఎండ అంటే ఆమె లెక్కలో ఒక రోజు. ఆ ఒక్క మాటకు నలభైమంది కదిలేవారు. నేను మూడు దశాంశాల దాకా చదువుకున్నవాణ్ణి. నా మాటకు కొంగ కూడా లేచేది కాదు. ఇక్కడ దాచవలసినదేమీ లేదు: చేరిన మొదటి వారంలోనే ఆమెను చూసి అసూయపడ్డాను. అది గౌరవానికి దగ్గరి చుట్టమని తరువాత కొందరు నాతో అన్నారు. నాకు ఆధారం కనిపించలేదు. అది ఉత్త అసూయ, ఎండలో నిలబడినప్పుడు మెడ వెనుక మండే రకం.

కొఠారు నడిపే కరీం సాహెబు నెమ్మదైన మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలిచేవాడు కాడు. ఒకనాడు నేను పరికరం ముంచి, కళ్ళు నీటి మట్టానికి దించి, "ఇరవై ఏడున్నర" అన్నాను.

"అయితే తియ్యమంటారా సారూ?" అన్నాడు ఆయన.

"ఇరవై ఏడున్నర ఉందండీ."

"అది వినినాను. తియ్యాల్నా, వద్దా?"

"నిర్ణయం మీది. ఉన్నది చెప్పడం వరకే నా పని."

సాహెబు ఒక క్షణం నన్ను చూసి, తల అటు తిప్పి, "రమణమ్మా" అన్నాడు. ఆమె వేలు ముంచి, "ఇంకో ఎండ" అంది. అందరూ వెళ్ళిపోయారు. నా చేతిలోని గాజు మీద ఉప్పు ఆరి తెల్లబడింది. వెనుక ఎవరో ఆడమనిషి, "సారు బుడ్డి మాట్లాడతాది, సారు మాట్లాడడు" అంటే మిగిలినవాళ్ళు నవ్వారు.

నా ఉద్యోగం ఒక్క సీజనుకే. ఆ ఏడు ఏటికి ఉత్తరాన కొత్తగా కయ్యలు కట్టించారు. వాటి అజమాయిషీ దక్కినవాడికి కొలువు నిలుస్తుందనీ, దక్కనివాడు వానలు పడే వేళకు పెట్టె సర్దుకోవచ్చనీ అందరికీ తెలుసు. పట్టా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కనుక అవి నావేననుకున్నాను. అంతలో సాహెబు మనసు రమణమ్మ మీద ఉందని విన్నాను. విన్నదాన్ని నమ్మకూడదు కనుక నేరుగా ఆయననే అడిగాను. "అనుకుంటా ఉండాను సారూ. ఇంకా తేల్చలా" అన్నాడు.

ఆ సాయంత్రం కొత్త నోటుపుస్తకం కొన్నాను. పేజీకి నిలువుగా గీత కొట్టి రెండు గడులు చేశాను. ఎడమ గడిలో రమణమ్మ చెప్పిన మాట, కుడి గడిలో అదే వేళకు నా పరికరం చూపిన అంకె. ఊళ్ళో అందరూ ఆమె మాట తప్పదంటారు. తప్పదనడం ఒక ప్రతిపాదన, ప్రతిపాదనను సరిచూడాలి. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. శాస్త్రం పేరు పెట్టుకుంటే ఏ పనైనా శుభ్రంగానే కనిపిస్తుంది. నిజానికి నేను ఆమె తప్పుల కోసం కాపు కాశాను. నలభై రోజుల్లో నాలుగు దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడు ఎర్ర సిరాతో సున్న చుట్టాను. ఆ నాలుగు సున్నలనూ భోజనానికి ముందు ఒకసారి తెరిచి చూసుకునేవాణ్ణి.

నలభై ఒకటో రోజు పుస్తకం తీసుకుపోయి పాకలో సాహెబు ముందు పెట్టాను. రమణమ్మ గుంజకు చేరగిలబడి మంచినీళ్ళు తాగుతూ ఉంది. ఆమె ఎదురుగా కాకుండా మాట్లాడటం అన్యాయమనిపించి, అక్కడే పైకి చదివాను. ఎర్ర సున్నల దగ్గర గొంతు కొంచెం పెంచి ఉంటాను. చదవడం అయ్యాక, కోపగించుకుంటుందని ఆమె వైపు చూశాను. ఆమె ముంత కింద పెట్టి దగ్గరికి వచ్చి, పుస్తకం మీదికి ఒంగింది.

"ఇదేంది, ఈ పక్క?"

"నువ్వు చెప్పినవి."

"నాలుగు తప్పినానా? ఇంకా శానా ఉంటాయనుకుంటినే. ఈ పక్కవో?"

"అసలు ఉన్న డిగ్రీలు. నేను కొలిచినవి."

"అది గాజుబుడ్డి చెప్పింది గదబ్బయా. నువ్వు చెప్పింది యాడుండాది?"

ఆమె వేలు ఎడమ గడి మీద, కుడి గడి మీద, తరువాత పేజీ అంచు మీద మెల్లగా జరిగింది. ఉప్పునీటికి నెర్రెలిచ్చిన వేలు. "నాది ఉండాది. బుడ్డిది ఉండాది. నీదే లేదు. నలభై దినాలుగా నువ్వు ఒక్కసారి గూడా తప్పలా, ఎట్టా తప్పుతావు? నోరు తెరిస్తే గదా!"

ఆ మాటలో వెక్కిరింత ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. సాహెబు నవ్వలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, "ఉత్తరాన పన్నెండు కయ్యలు నెల దినాలు మీయి సారూ. మీ మాట మీదే మడవ తీస్తారు. రమణమ్మ అటు తిరిగి గూడా చూడరు. నెలయినాంక తేల్చుకుందాం" అన్నాడు.

ఆ రోజు గదికి వచ్చి చాలాసేపు కోపంగా కూర్చున్నాను. ప్రతి మాటకూ ఆధారం అడిగేవాణ్ణని నాకు గర్వం. తాయెత్తు కట్టుకున్నవాణ్ణీ, తుమ్మి ఆగినవాణ్ణీ వదిలేవాణ్ణి కాను. 'నిర్ణయం నా పని కాదు' అన్న మాటకు మాత్రం ఎన్నడూ ఆధారం అడగలేదు. ఎవరు చెప్పారు నాకు? వెతికితే ఒక్కటే దొరికింది. కాలేజీ ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష ముగియకముందే నాకిచ్చిన లవణమేదో పేరు చెప్పి తప్పాను. "సరిచూడకుండా ఊహించకు" అన్నారు మా అధ్యాపకుడు, తరగతి నవ్వింది. ఆ నవ్వుకు జడిసి వాక్యంలో మొదటి మాట వదిలేసి, 'ఊహించకు' అన్నదాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాను. ఆయన పెట్టని నియమం అది. నేనే కట్టుకున్న గట్టు. దాని లోపల నిలవ ఉన్న నీటికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది. ఆ మధ్యాహ్నమే ఎర్ర సున్నలను మళ్ళీ చూశాను. నాలుగింటిలో మూడు నడిమధ్యాహ్నపు కొలతలు. ఎండకు వేడెక్కిన నీటిలో పరికరం అసలున్న దానికన్నా దాదాపు ఒక డిగ్రీ తక్కువ చూపుతుంది. వేడిని బట్టి దిద్దుకోవాలి. అది నాకు తెలుసు. మిగిలిన రోజుల్లో దిద్దాను కూడా. ఆ మూడు రోజులూ దిద్దలేదు, ఎందుకంటే దిద్దకుండా వచ్చిన అంకె నాకు నచ్చింది. దిద్ది చూస్తే రమణమ్మ తప్పు ఒక్కటే మిగిలింది. అసూయకు గణితం రాదని కాదు, ఎక్కడ ఆపాలో దానికి బాగా తెలుసు.

నా కయ్యల్లో మొదటి మాట చెప్పవలసిన రోజు వచ్చింది. కూలీలు కర్రపారలు పట్టుకుని గట్టున నిలబడ్డారు. పరికరం తీయబోయి ఆగాను. అది చూసి చెబితే అది బుడ్డి మాటే అవుతుంది. వేలు ముంచి, రాసి, నాలుకకు తాకించాను. ఉప్పు, ఇంకా ఉప్పు, అంతకు మించి నాకేమీ తెలియలేదు. "ఇంకో ఎండ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎడమ గడిలో ఈసారి నా మాట రాసుకుని, అప్పుడు పరికరం ముంచాను. దిద్దిన లెక్కకు ముప్పై. అప్పటికే ఆలస్యమైంది. "కాదు, తీయండి" అనేసరికి ఒకామె మూతికి చెంగు అడ్డం పెట్టుకుంది. "సారు ఎండ శానా బిరీన పొయ్యిందే!" అంది ఇంకొకామె. ఆ కయ్య ఉప్పు చేదెక్కి, విడిగా కుప్ప పోయవలసి వచ్చింది. సాయంత్రం ఆ కుప్ప పక్కగా పోతూ రమణమ్మ ఒక రాయి నోట్లో వేసుకుని తుపుక్కున ఊసింది.

"నీదేనా?"

"నాదే."

"తప్పినావు."

"తప్పాను."

"రాసుకున్నావా? సున్న చుట్టినావా, ఎర్రగా?"

"చుట్టాను."

"అయితే సరే" అని వెళ్ళిపోయింది. ఆమె కుప్పలు గట్టు వెంట వరసగా తెల్లగా మెరుస్తున్నాయి.

నెల చివరి వారంలో నా కయ్యలన్నీ ఒక్కసారి పంటకు వచ్చాయి. అప్పటికి అవి ఇరవై ఎనిమిది దగ్గర ఉన్నాయి. రెండు ఎండలు ఆగితే నిండు పంట. ఆనాడు పొద్దెక్కేసరికి ఆగ్నేయాన మబ్బు పట్టింది. వాన కురిస్తే ఉన్న ఉప్పంతా కరిగి ఏట్లో కలుస్తుంది. ఇప్పుడే తీస్తే సగం పంటైనా దక్కుతుంది. కూలీలందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను గట్ల మీదుగా దాదాపు పరుగెత్తి రమణమ్మ దగ్గరికి పోయాను.

"అక్కా, మబ్బు చూశావా? నువ్వేమంటావు?"

"ఇయ్యాల అక్కనైనానా?" అంది ఆమె. "నా కయ్యల సంగతయితే అడుగు, చెప్తా. అయ్యి నీ కయ్యలు."

"ముఖం చూసైనా తెలుసుకుంటాను."

ఆమె పకపక నవ్వి, గట్టు మీద చతికిలబడి, నాకూ ఆకాశానికీ వీపు పెట్టి, పొట్లం విప్పి ఆకూవక్కా వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది: వెలిసిన నీలపు రవిక, భుజాల మధ్య ఉప్పు కట్టిన చెమట గీత. దాన్ని ఎంత చూసినా డిగ్రీలు లేవు. తిరిగి వచ్చాను. గాలి చూశాను, మబ్బు చూశాను, నీటిలో వేలు ముంచాను. "తీయండి" అన్నాను. మరోసారి అన్నాను, ఈసారి అవతలి గట్టుకు వినిపించేట్టు. పారలు లేచాయి.

వాన రాలేదు. మబ్బు మధ్యాహ్నానికి సముద్రం మీదికి జరిగి విడిపోయింది. నా సగం పంట పలచగా కుప్పపడింది. రమణమ్మ తన కయ్యలు ముట్టలేదు. రెండు ఎండల తరువాత నిండుగా తీసింది. పుస్తకంలో ఆ రోజు ఎడమన 'వాన వస్తుంది, తీయాలి' అని ఉంది, కుడిన 'రాలేదు' అని. చుట్టూ ఎర్ర సున్న. ఆ సాయంత్రం నాకు విపరీతమైన ఆకలి వేసింది. తప్పిన మనిషికి అంత ఆకలి వేస్తుందని నాకు తెలియదు. మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

నెల నిండగానే సాహెబు అడగకుండానే లెక్క చదివి వినిపించాను. ఇరవైరెండు మాటలు, ఎనిమిది తప్పులు. అదే నెలలో రమణమ్మవి రెండు. ముందు నేను చూపిన నాలుగు ఎర్ర సున్నల్లో మూడు నావేనని కూడా చెప్పాను. ఉత్తరపు కయ్యలు రమణమ్మకు వెళ్ళాయి. ఆధారాలను బట్టి అది సరైన నిర్ణయం, నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి. ఆ సంగతి తెలియడం వల్ల మంట తగ్గుతుందని అనుకునేవారు ఉంటే, తగ్గదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. పెట్టె సర్దుకోవాలని లేచాను.

"సాయిబు గారూ" అంది రమణమ్మ, "నాకా బుడ్డి గావాల. మబ్బు దినాల్లో నా వేలికి జిగట దెలీదు. బుడ్డి ఉంటే దాన్ని పట్టుకునే వోడు గూడా గావాల గదా."

"సారు మీ కింద పనిజేస్తారా, అడగండి" అన్నాడు సాహెబు.

ఆమె నా వైపు తిరిగింది. "చెప్పబ్బయా. చూసి చెప్తావా, చెప్పి చూస్తావా?"

ఆలోచించుకుని రేపు చెబుతానని నోటి చివరిదాకా వచ్చింది. "చేస్తాను. చెప్పి చూస్తాను" అన్నాను. అంతదాకా నా జీవితంలో అంత తొందరగా పలికిన మాట లేదు.

ఆమె కింద మూడు సీజన్లు పనిచేశాను. నా తప్పులు తగ్గుతూ వచ్చాయి, పోలేదు. మూడో ఏడు ఒక నీరెండ వేళ ఆమె నా గాజుబుడ్డిని చేతిలో తిప్పుతూ, "దీని మీద నాకెంత కుళ్ళో నీకు తెల్దు. నువ్వొచ్చిన దినం నుంచీ కుళ్ళే. ఇది ఒకసారి మునిగి లేస్తే చెప్పేదానికి నా నాలుక పుండయి పొయ్యె" అంది. నేను నమ్మలేదు. చదవడం నేర్చుకోమంటే చెయ్యి అడ్డంగా ఊపింది. "నా తలకు అంకెలు ఎక్కవబ్బయా."

"ఎక్కించి చూశావా?"

ఆమె గుర్రుగా చూసింది. 'నోరు తెరిస్తే గదా' అన్న తన మాటే తనకు తగిలిందని ఇద్దరికీ తెలుసు. ఆ పరికరం మీద ఉప్పు పనికి కావలసినవి ఇరవైనాలుగు నుంచి ముప్పై వరకే. ఆ ఏడు అంకెలనూ గట్టు మట్టిలో పుల్లతో గీసి చూపాను. మూడు మధ్యాహ్నాల్లో ఆమె ఏడూ చదివేసింది. నాలుగో రోజు ముందు వేలు ముంచి "ఇరవై ఎనిమిదిన్నర" అని, తరువాత బుడ్డి వేసి, అది అంతే చూపితే నా వైపు తిరిగి కన్ను కొట్టింది. నాకు మూడేళ్ళు పట్టిన దానికి ఆమెకు మూడు మధ్యాహ్నాలు. మెడ వెనుక మళ్ళీ అదే మంట.

తరువాత నేను వేరే ఊళ్ళలో, వేరే ప్రయోగశాలల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. రమణమ్మ చివరి రోజుల గురించి రెండు మూడు రకాలుగా విన్నాను. ఏదీ సరిచూడలేకపోయాను కనుక ఇక్కడ రాయను. నా వెంట వచ్చింది పుస్తకానికి నిలువుగా కొట్టే ఆ గీత. ఏ పరీక్షకైనా ముందు ఎడమ గడిలో నా మాట రాసుకుని, తరువాతే కొలిచేవాణ్ణి. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు దాన్ని నా చాదస్తమనుకునేవారు. ఆమెకు సాటిరానన్న కుళ్ళు కూడా వెంటే వచ్చింది. ఇన్నేళ్ళలో అది ఒక్క డిగ్రీ అయినా పలచబడినట్టు నా కొలతకు అందలేదు.

నిన్న ఆ మూటలోని ఉప్పురాయిని మళ్ళీ రుచి చూశాను. ఇంట్లో హైడ్రోమీటరు లేదు, ఆ రాయి పుట్టిన నీరు ఎప్పుడో ఏటిలో కలిసిపోయి ఉంటుంది. పుస్తకం తెరిచి, తేదీ వేసి, గీత కొట్టాను. ఎడమ గడిలో ఇలా రాశాను: 'ముప్పై దాటాక తీసిన ఉప్పు. ఒక ఎండ ఆలస్యం.' కుడి గడి ఖాళీగా ఉంది. దానిని నింపే దారి లేదని తెలిసే, ఎడమ గడిలోని మాట కింద సంతకం కూడా పెట్టాను.